నోటి ఖలాస్

బహ్రెయిన్‌లో, అమ్వాజ్ దీవి మీది ఆ చికెన్ షాపు వంటింట్లో ఆర్డర్లు స్క్రీన్ మీద పడతాయి. పడిన క్షణం నుంచి పక్కన సెకన్లు నడుస్తాయి. నూట ఇరవై దగ్గర గడి పసుపవుతుంది, నూట ఎనభై దగ్గర ఎరుపు. ఎరుపైతే కూత మొదలవుతుంది. ఆర్డర్ కట్టి బటన్ నొక్కేదాకా ఆగదు. నొక్కినవాడు "ఖలాస్" అని అరవాలి. కౌంటర్‌లో ఉన్న మెర్సీ అప్పుడు చెయ్యి చాచి పొట్లం అందుకుంటుంది.

భూమేష్ ఆ స్క్రీన్ ముందు పద్నాలుగు నెలలు నిలబడ్డాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. అంతకు ముందు బహ్రెయిన్‌లోనే మూడేళ్లు సెంట్రింగ్ పని చేశాడు. షాపులో పని దొరికినప్పుడు క్యాంపులో అందరూ ఏసీ డ్యూటీ అన్నారు. ఫ్రయ్యర్ల దగ్గరకు ఏసీ గాలి రాదని వాళ్లకు తెలియదు.

మొదటి నెలలో ఈ ఖలాస్ సంగతి పోశన్నకు ఫోన్‌లో చెప్పాడు. పోశన్నది పక్క ఊరు. పదేళ్లు పెద్ద. అక్కడే అవాలి అనే ఊరు దాటాక ఒక వర్క్‌షాపులో వెల్డర్.

"మనకాడ మనిషి సచ్చిపోతె ఖలాస్ అంటం గదనే అన్నా. ఈడ కోడి ఉడికితె ఖలాస్ అంటరు."

"రెండూ ఒక్కటే గదరా. కోడి గూడ సచ్చిందే," అన్నాడు పోశన్న.

ఏడో నెల నుంచి భూమేష్‌కు నిద్రలో కూత వినిపించేది. గదిలో ఎవరి ఫోన్ మోగినా అతని చెయ్యి బటన్ కోసం లేచేది. పదో నెలలో, బుట్ట అనుకుని నూనెలోకే చెయ్యి పెట్టబోయాడు. మెర్సీ కౌంటర్ నుంచి అరిచింది. చెయ్యి ఆగింది.

మెర్సీది కాకినాడ. ఆ షాపులో ఆరేళ్లుగా ఉంది.

"చిల్లర్‌లోకెళ్లి రా తమ్ముడూ. రెండు నిమిషాలు. ఈలోపు నేను చూసుకుంటాలే," అంది.

ఆ వంటింట్లో చిల్లర్ అంటే మాంసం, కూరగాయలు దాచే చలిగది. దాని తలుపు తెరిచే ముందు రెండుసార్లు తట్టాలి. లోపల మనిషి ఉంటే ఒకసారి తిరిగి తడతారు. బయటివాళ్లు ఆగుతారు. లోపలి మనిషి ముఖం తుడుచుకుని, చేతికందిన సామాను ఒకటి పట్టుకుని వస్తారు. ఉత్త చేతులతో ఎవరూ రారు. బయట నిలబడ్డవాళ్లు ముఖం వైపు చూడరు, సామాను వైపు చూస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో మెర్సీకి కూడా తెలియదు. ఆమె చేరేసరికే ఉంది. మేనేజర్ ఒక్కడే తట్టకుండా తెరిచేవాడు.

పద్నాలుగో నెలలో పోశన్న ఫోన్ చేశాడు. వర్క్‌షాపులో హెల్పర్ ఒకడు ఇంటికి వెళ్లిపోతున్నాడు.

"మా ఫోర్‌మన్ ఒప్పుకున్నడు. నీ కాయితాలు సాఫ్ ఉండాలె. ఆడ ఖలాస్ జేస్కొని రా."

"స్క్రీన్ ఉంటదానే అన్నా?"

"స్క్రీన్ లేదు, నీడ లేదు. ఎండ మాత్రం మస్తు. గంట కొడితె తిండి."

"నాకు గదే గావాలె."

ఆ శుక్రవారం మధ్యాహ్నం స్క్రీన్ మీద పందొమ్మిది ఆర్డర్లు ఉన్నాయి. ఏడు ఎరుపు. భూమేష్ చేతిలోని పటకారు కింద పడింది. వంగి తీయబోతే వేళ్లు ముడుచుకోలేదు. పటకారు అక్కడే వదిలి మేనేజర్ దగ్గరకు వెళ్లాడు. మేనేజర్ చెవి దగ్గర ఫోన్ ఉంది.

"సార్, ఖలాస్," అన్నాడు భూమేష్. తన వల్ల కాదని హిందీలో చెప్పాడు.

మేనేజర్ ఫోన్ తీయకుండానే అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఖలాస్, ఖలాస్. యల్లా, రూమ్," అంటూ తలుపు వైపు తల ఊపాడు.

భూమేష్ ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించాడు. టోపీ షెల్ఫ్ మీద పెట్టాడు. లాకర్ లోంచి తన చెప్పులు తీసుకున్నాడు.

"ఖలాస్ అయింది అక్కా. సార్ ఒప్పుకున్నడు."

"కాగితం ఇచ్చాడా?" అంది మెర్సీ.

"నోటితోనే అన్నడు."

"నోటితోనా?"

ఎనిమిదో ఆర్డర్ ఎరుపైంది. మెర్సీ అటు తిరిగింది. భూమేష్ వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు.

కంపెనీ గది ఖాళీ చేసి పోశన్న దగ్గరకు చేరాడు. మొదటి మూడు రోజులు నిద్రపోయాడు. మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. తిరిగి రమ్మంటాడని భూమేష్ ఎత్తలేదు. పదకొండో రోజు, సోమవారం, ఫోర్‌మన్ పంపిన మనిషితో కలిసి వీసా మార్పు కోసం ఆఫీసుకు వెళ్లాడు. క్లర్క్ అతని సీపీఆర్ గుర్తింపు కార్డు తీసుకుని నంబర్ కొట్టాడు. మానిటర్‌ను భూమేష్ వైపు తిప్పాడు. పేరు పక్కన ఎర్ర గీత ఉంది.

"పని వదిలి పారిపోయినట్టు ఉంది," అన్నాడు హిందీలో.

"పారిపోలేదు. చెప్పి వచ్చాను."

"ఎవరికి?"

"సార్‌కు. నేను ఖలాస్ అన్నాను. సార్ కూడా ఖలాస్ అన్నాడు."

క్లర్క్ కార్డు తిరిగి ఇచ్చాడు. "ఖలాస్ అంటే ఇక చాలు, ఊరుకో అని కూడా. రాజీనామా కాగితం ఉందా?"

లేదు. కంపెనీ రిపోర్టు వెనక్కి తీసుకోవాలని, తీసుకోకపోతే ఇంకో పని చేసే వీలు లేదని, రోడ్డు మీద చెకింగ్‌లో దొరికితే పట్టుకుంటారని క్లర్క్ చెప్పాడు. తర్వాతి నంబర్ పిలిచాడు.

ఆ మధ్యాహ్నమే భూమేష్ షాపుకు వెళ్లాడు. మేనేజర్ కోప్పడలేదు.

"రూమ్‌కు వెళ్లి పడుకో అన్నాను. మానేయమనలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను కదా? నాలుగు రోజులు హాజరు పంచ్ పడకపోతే రిపోర్టు హెడ్డాఫీసు నుంచి వెళ్తుంది. నన్ను అడగరు."

"తీయించండి సార్."

"డ్యూటీలో చేరితే తీస్తారు. మూడు రోజులు పడుతుంది. తర్వాత మానేయాలంటే కాగితం ఇవ్వు. ముప్పై రోజులు పని చేసి వెళ్లు. చేరకపోతే నా చేతిలో ఏమీ లేదు."

భూమేష్ బయటికి వచ్చి పోశన్నకు ఫోన్ చేశాడు.

"ముప్పై రోజులా? మా ఫోర్‌మన్ గురువారం దాటితె ఆగడురా."

"మరెట్ల అన్నా?"

పోశన్న వెనక గ్రైండర్ చప్పుడు వినిపించింది. "ముందుగాల దొంగవు గాకుండ జూస్కో. నౌకరి మల్ల జూద్దాం."

భూమేష్ లోపలికి వెళ్లి పంచ్ కొట్టాడు. ఏప్రాన్ అదే మేకుకు ఉంది. ఎవరూ ఉతకలేదు.

మెర్సీ తన సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. చర్చిలో జరిగే తెలుగు సంఘం కూటంలో ఎవరి కోసం ఏం ప్రార్థన చేయాలో అందులో రాసుకుంటుంది. శుక్రవారం డ్యూటీ వల్ల కూటానికి పోలేక ఏడాది అయింది. రెండు కాగితాలు చింపింది. ఇంగ్లిష్‌లో ఒకే రాజీనామా ఉత్తరం రెండుసార్లు రాసింది.

"ఒకటి ఆయనకి, ఒకటి నీకు. రిపోర్టు తీశాక ఇవ్వు. తేదీ అప్పుడే వెయ్యి. రెండింటి మీదా సంతకం చేయించుకో. సంతకం లేకపోతే ఇదీ నోటిమాటే, తెలిసిందా?"

"తెలిసింది అక్కా."

"తెలిసే వెళ్లావు మొన్న."

గురువారం పొద్దున పోశన్న మెసేజ్ పెట్టాడు. హెల్పర్ పనికి ఒరిస్సా మనిషిని తీసుకున్నారు. పదిన్నరకు గీత పోయిందని హెడ్డాఫీసు నుంచి కబురు వచ్చింది. భూమేష్ ఫోన్‌లో తన నంబర్ కొట్టి చూసుకున్నాడు. ఎరుపు లేదు. ఉత్తరాల మీద తేదీ వేసి మేనేజర్ కోసం వెతికాడు. ఆఫీసు గదిలో లేడు. కౌంటర్ దగ్గర లేడు. టేబుల్ మీద ఫోన్ మోగుతోంది, హెడ్డాఫీసు నంబర్.

ఫ్రయ్యర్ దగ్గర చికెన్ అయిపోవచ్చింది. భూమేష్ చిల్లర్ దగ్గరకు వెళ్లి రెండుసార్లు తట్టాడు.

లోపలి నుంచి ఒకసారి చప్పుడు వచ్చింది.

వెనక్కి తిరిగి చూశాడు. మెర్సీ కౌంటర్‌లో ఉంది. ఫ్రయ్యర్ల దగ్గర పని చేసే మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ పూట డ్యూటీలో ఇంక ఎవరూ లేరు. భూమేష్ ఆగాడు.

నిమిషం తర్వాత తలుపు తెరుచుకుంది. మేనేజర్ చేతిలో క్యాబేజీ ప్యాకెట్ ఉంది. అతను సామాను మోయడం భూమేష్ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు క్యాబేజీ వైపే చూశాడు. కాగితాలు, పెన్ను ముందుకు చాచాడు.

మేనేజర్ ప్యాకెట్ కింద పెట్టాడు. చదివాడు. కాగితం తలుపుకు ఆనించి సంతకం చేశాడు. రెండోదాని మీద పెన్ను ఆడలేదు. నిలువుగా రాస్తే సిరా దిగలేదు. అరచేతుల మధ్య పెట్టి రుద్ది, మళ్లీ చేశాడు.

"ముప్పై రోజులు," అన్నాడు.

"సరే సార్."

మేనేజర్ మోగుతున్న ఫోన్ దగ్గరకు వెళ్లాడు. భూమేష్ కాగితం మడిచి సీపీఆర్ కార్డు వెనక పెట్టుకున్నాడు. చికెన్ అట్టపెట్టె మోసుకొచ్చాడు. స్క్రీన్ మీద ఒక ఆర్డర్ ఎరుపై కూస్తోంది. దాన్ని కట్టి బటన్ నొక్కాడు.

మెర్సీ చెయ్యి చాచి ఆగింది. భూమేష్ నోట ఖలాస్ రాలేదు.

"ఏం, అయిందా లేదా?" అంది.

"అయింది," అన్నాడు భూమేష్.