లీలావతి గారికి చెప్పిన అబద్ధం

మానసిక వార్డులో ఇరవై రెండేళ్ళు చేశానని, కొత్తగా వచ్చిన నర్సులకు నన్ను చూపించి "జ్ఞానమ్మ గారి దగ్గర నేర్చుకోండి" అంటారు. ఏం నేర్పను, నా మొహం! మాత్ర నాలుక కింద దాచినవాణ్ణి పట్టుకోవడం నేర్పగలను. ఆదినారాయణ గారి సంగతి ఎలా నేర్పను?

ఆయన ముమ్మిడివరం వైపు కొబ్బరి రైతు. చచ్చిపోతానంటూంటే భయపడి ఇంటివాళ్ళు అమలాపురం తెచ్చి మా వార్డులో చేర్చారు. మూడు వారాలు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఒక గురువారం పొద్దున్నే లేచి, గడ్డం గీయించుకుని, అందర్నీ నవ్వుతూ పలకరించారు. తన కొత్త దుప్పటి పక్క మంచం ఆయనకు ఇచ్చేశారు. భార్య లీలావతి గారు సంతోషంతో ఏడ్చారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. అంత దిగులు ఒక్క రాత్రిలో పోదు. లోపల ఏదో తేల్చేసుకున్న మనిషే అలా తేలికపడతాడు.

డాక్టరు గారికి చెప్పాను. ఇంకో వారం ఉంచమని ఆయనా అన్నారు. ఎవరు వింటారు? బాగయ్యాక ఇంకా పిచ్చాసుపత్రిలో ఎందుకని, మర్నాడే సంతకం పెట్టి తీసుకుపోయారు. ఆటో ఎక్కేముందు లీలావతి గారి చెయ్యి పట్టుకుని, ఆయన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని చెప్పాను. "ఆయ్" అన్నారావిడ. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టేమీ కాదు, ఒక్కోసారి ఉత్త మర్యాద. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? అయినా నమ్మి లోపలికి వచ్చేశాను.

శనివారం ఆయనే ఇంటిల్లిపాదినీ వాడపల్లి పంపారట. తనకు నీరసంగా ఉందనీ, తన పేరున వెంకన్నకు ఏడు ప్రదక్షిణలు చేసి రమ్మనీ అన్నారట. దేవుడి మీద మనసు మళ్ళిందని పొంగిపోయి అందరూ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆయన ప్రాణాలతో లేరు.

కర్మకాండలయ్యాక లీలావతి గారు మిగిలిన మాత్రలు పట్టుకుని వార్డుకు వచ్చారు. బల్ల మీద పెట్టి అడిగారు.

"ఒంటరిగా వదలొద్దని చెప్పేరు కదండీ. నేనే వదిలేసేనండీ. మీకు ముందే తెల్సిపోయిందాండీ?"

"లేదమ్మా. ఇంటికెళ్ళే ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్తాను. అలవాటు, అంతే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, దణ్ణం పెట్టి వెళ్ళారు. నమ్మారో లేదో ఆ ప్రభువుకే తెలియాలి.

ఇన్నేళ్ళలో నేనా మాట చెప్పింది ముగ్గురి ఇంటివాళ్ళకే. ఆ ముగ్గురిలో ఒక్కరూ మిగల్లేదు.