ఒక్క కప్పు మిషను

పాలు కాచుకోవడం రాని మనిషికి కాఫీ మిషనెందుకని నేను మొదటి రోజే అడిగాను. ఉమాశంకర్ గారు నవ్వి, "అందుకే గదా సిస్టరమ్మా" అన్నారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఉమాశంకర్ గారిది మా ఎదురిల్లు. శ్రీకాకుళంలో మా సందు ఎంత ఇరుకంటే, ఆయన తన గుమ్మంలో తుమ్మితే మా ఆయన రాబర్ట్ ఇక్కణ్ణుంచి "చిరంజీవ" అనేవాడు. నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను కాబట్టి సందంతటికీ సిస్టరమ్మను. నేను సిస్టరునైతే ఆయన అన్నయ్య. ఆయన అన్నయ్యయితే రాబర్ట్ బావ. మేం ఆదివారం బాప్టిస్టు చర్చికి పోతాం, వాళ్ళు కార్తీకమాసం గుడికి పోతారు. వరసలు కలుపుకోవడానికి అదేం అడ్డు రాలేదు.

ఆయన భార్య అనూరాధ పోయినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చావింట్లో పొయ్యి ముట్టించరు, ఇరుగుపొరుగు వాళ్ళే కాఫీలూ భోజనాలూ పంపుతారు. అది మా సందు మర్యాద. పొద్దుటి కాఫీ నా వంతుకొచ్చింది. స్టీలు ఫ్లాస్కు నిండా పోసి రాబర్ట్ చేతికిచ్చి పంపేదాన్ని. పదకొండో రోజు అయింది, పన్నెండో రోజు అయింది, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. వాళ్ళ ఆచారంలో కాఫీ పంపడం ఎప్పుడు మానాలో నాకేం తెలుసు? ఆయనే చెబుతారులే అనుకున్నాను. తెచ్చిపెట్టే వాళ్ళను వద్దంటే తప్పని ఆయన ఊరుకున్నారు. నేను మానలేదు, ఆయన వద్దనలేదు. చూస్తుండగా సంవత్సరీకం కూడా దాటిపోయింది.

భోజనం మెస్సు నుంచి క్యారియరొచ్చేది. కాఫీ మా ఇంటి నుంచి పోయేది. ఆ ఇంట్లో పొయ్యి మాత్రం వెలగలేదు. ఫ్లాస్కు రోజూ శుభ్రంగా కడిగి ఖాళీగా తిరిగొచ్చేది. మామూలుగా మా వైపు ఎవరి గిన్నె వాళ్ళకి ఉత్తినే ఇవ్వరు, పిడికెడు పంచదారైనా వేసి ఇస్తారు. చావింటి నుంచి మాత్రం ఏదీ పంపరు. ఏడాది దాటినా ఆయన తనది ఇంకా చావిల్లే అనుకుంటున్నారు కాబోలని, ఆ ఖాళీ ఫ్లాస్కు అందుకున్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

ఇక మా రాబర్ట్ సంగతి. ఆర్టీసీలో డ్రైవరు, పలాస బస్సు నడిపిన మనిషి. రిటైరైన కొత్తలోనే కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. తాగే నీళ్ళు కూడా నేను కొలిచి పొయ్యాలి. మాకు పిల్లల్లేరు. అంత పెద్ద స్టీరింగు తిప్పిన చేతులకి చివరికి ఒక ఫ్లాస్కు మిగిలింది. తెల్లారేసరికి స్నానం చేసి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫ్లాస్కు పట్టుకుని సందు దాటేవాడు. డ్యూటీకెక్కినట్టే! అక్కడ కాసేపు బావాబావా అనుకుంటూ కబుర్లు చెప్పి వచ్చేవాడు. మిగతా రోజంతా మంచం మీదే. నాకు తెలుసు, వాడు ఆ కాసేపటి కోసమే లేస్తున్నాడని.

నోట్లు రద్దయిన మరుసటేడు ఉమాశంకర్ గారికి ఈ మిషను పిచ్చి పట్టింది. చిన్న డబ్బీ ఒకటి పెట్టి మీట నొక్కితే ఒక్క మనిషికి ఒక్క కప్పు కాఫీ వస్తుందట.

"నీకు శ్రమ తప్పుతాదమ్మా" అన్నారు. "బావ కాళ్ళు సూడు, ఎలగ పొంగిపోనాయో. ఆ కాళ్ళతో నాకోసం రోజూ రావాలేటి? రేపు మీరిద్దరూ నాతోపాటు షాపుకి రండి. కొనొచ్చో నేదో మీరే సెప్పండి."

కాళ్ళు పొంగిన మనిషికి ఆ సందు దాటడమే మందని ఆయనకు ఎలా చెప్పను? రాబర్ట్ వినేలా అంటే ఇంకేమైనా ఉందా? 'నాకు పని కల్పించడానికి ఇన్నాళ్ళూ ఫ్లాస్కు మోయించావా' అని కుంగిపోతాడు. రోషమున్న మనిషి. అందుకని నోరు మూసుకుని వాళ్ళతో ఆటో ఎక్కాను. ఆ మిషను ఎలాగైనా కొననివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

షాపు ఏడురోడ్ల జంక్షన్ దగ్గర. అక్కడి కుర్రాడు మిషన్లో నీళ్ళు పోసి, రంగు కాగితంలా మెరిసే చిన్న డబ్బీ చూపించి, "దీన్ని క్యాప్సూలంటారండీ" అన్నాడు.

"ఓలమ్మ, ఇక్కడా క్యాప్సూలేనా!" అన్నాడు రాబర్ట్. "నాను ఇంటికాడ మింగుతున్నవి సాలవేటి బావా?"

ఉమాశంకర్ గారు పకపకా నవ్వారు. మిషను గుర్రుమంది. ఉగ్గుగిన్నెంత కప్పులో నల్లటి కాఫీ పడింది. ఆయన దాన్ని తాను తాగకుండా రాబర్ట్ చేతిలో పెట్టారు. రాబర్ట్ నా వంక చూశాడు. డాక్టరు ముందు కూర్చున్నట్టు చూశాడు, పాపం. ఎన్నాళ్ళో అయింది వాడు కాఫీ రుచి చూసి. ఉగ్గుగిన్నెడే కదా అని తల ఊపాను. కళ్ళు మూసుకుని తాగాడు.

"పాలు నేవు గాని, బాగున్నాది" అన్నాడు.

"అదే అడుగుతున్నాను" అని నేను అందుకున్నాను. "పాలు ఎవులు కాస్తారన్నయ్యా? పాలు కాసుకోవడం వొస్తే మిషనెందుకు? రాకపోతే మిషనెందుకు? ఒక్కో డబ్బీకి పోసే డబ్బుతో బయట కడుపునిండా కాఫీ తాగొచ్చు. శుద్ధ దండగ. పదండి ఇంటికి."

"నల్ల కాఫీ అలవాటు సేసుకుంటానమ్మా" అన్నారాయన, మిషను వైపే చూస్తూ. "దీనికి పొయ్యి ఎలిగించక్కర్నేదు. అనూరాధ ఆఖరుసారి కట్టేసిన పొయ్యది. నా సేత్తో మల్లీ ఎలిగించలేకపోతన్నాను."

షాపు కుర్రాడు తల దించుకున్నాడు. అయినా ఒప్పుకోవడం నా చేత కాలేదు. మళ్ళీ ఏదో అనబోతుంటే రాబర్ట్ నా మోచెయ్యి పట్టుకుని షాపు బయటికి తీసుకొచ్చాడు.

"కొననీ, షీబా."

"నీకేటైనా మతిపోనాదా? అది కొంటే నువ్వు..." అని ఆగిపోయాను.

"నాకు తెల్దనుకున్నావేటి?" అన్నాడు. "నాకో పనుండాలనే గదా నువ్వా ఫ్లాస్కు మానలేదు. నర్సమ్మవి గాని, నీకు దాపరికం సేతకాదే. అది కాదు. నానెలిపోయేక ఫ్లాస్కు ఎవులట్టుకెల్తారు? నువ్వా? నీ మొగం సూసి ఆయన తాగలేడు. ఆయన మొగం సూసి నువ్వు పొయ్యలేవు. బావకి పొద్దున్న ఒక్క కప్పు కాఫీ ఉండాలి. కొననీ."

"నోరు ముయ్యి! పెద్ద ఎలిపోయేవోడు బయల్దేరినాడు!" అన్నాను.

వాడు నవ్వాడు. నాకు మాత్రం అంత నడిరోడ్డు మీద కళ్ళంట నీళ్ళు ధారకట్టాయి. హారను కొట్టిన ఆటోవాణ్ణి, ఏ పాపం ఎరగని వాణ్ణి, నానా తిట్లూ తిట్టాను. మేం లోపలికి వెళ్ళేసరికి కుర్రాడు మిషను అట్టపెట్టెలో పెడుతున్నాడు.

మర్నాడు పొద్దున్న రాబర్ట్ స్నానం చేసి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఎదురింటి తలుపు చూస్తున్నాడు.

"ఎల్లి కూకోరాదా?" అన్నాను.

"ఒట్టి సేతుల్తోనా? ఏటని ఎల్తాను?" అన్నాడు.

నేను వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. స్టవ్వు మీద పాలు పొంగుకొస్తున్నాయి. పాలు! నా బుద్ధి మండ, షాపులో అంత అరిచానే, ఆ మాట నాకే తట్టలేదు. గబగబా పాలు ఫ్లాస్కులో పోసి, మూత బిగించి, తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను.

"మిషను గొప్పదే గాని, పాలు కాసుకోవడం దానికీ రాదు, మీ బావకీ రాదు. బేగి అట్టుకెల్లు, సల్లారిపోతాయి."

రాబర్ట్ ఫ్లాస్కు చేత్తో పట్టుకుని ఎత్తి చూశాడు. "బరువు అలగే ఉన్నాదే!" అన్నాడు. సందు దాటుతుంటే వెనక నుంచి చూశాను. చొక్కా భుజాల మీద వదులైపోయింది గాని, నడక డ్యూటీకెళ్ళే నడకే.

అప్పటి నుంచి కాఫీ బదులు పాలు వెళ్ళేవి. ఫ్లాస్కు మాత్రం ఎప్పట్లాగే ఖాళీగా వచ్చేది. రాబర్ట్ వచ్చేటప్పుడు మీసం తుడుచుకుంటూ వచ్చేవాడు. అక్కడ ఉగ్గుగిన్నెడు వాడికీ ముడుతోందని నాకు వాసనకే తెలిసిపోయేది. తెలియనట్టే ఊరుకుని, మధ్యాహ్నం నీళ్ళలో అంత తగ్గించి పోసేదాన్ని. ఆ మిషన్ని మెచ్చుకోవాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వానలు పట్టాక ఒక పొద్దున వాడు తిరిగి రావడం ఆలస్యమైంది. వీధిలోకి వచ్చి చూస్తే ఉమాశంకర్ గారి భుజం మీద వాలి, కాళ్ళీడుస్తూ వస్తున్నాడు. ముఖం చూడగానే నాకు అర్థమైపోయింది. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో చూసిన ముఖమే అది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

దారిలో నా చెయ్యి పట్టుకుని, "ఫ్లాస్కు బావ ఇంటికాడ మర్సిపోనాను, షీబా" అన్నాడు.

"ఎక్కడికి పోతాదిలే, రేపు తెద్దువు" అన్నాను.

వాడు నాతో అన్న ఆఖరి మాట అదే. ఇంత బతుకూ బతికి, ఒక స్టీలు ఫ్లాస్కు గురించా! కోపమొస్తుంది నాకు, ఇప్పటికీ.

పాస్టరు గారూ సంఘం వాళ్ళూ వచ్చారు. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, సమాధి తోటలో వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. ఉమాశంకర్ గారు పెట్టె వెనకాలే నడిచారు.

మర్నాడు తెల్లారగానే ఎవరో తలుపు కొట్టారు. కొట్టిన తీరు రాబర్ట్‌దే అనిపించి పరుగున వెళ్ళాను. తీశాను. ఉమాశంకర్ గారు. స్నానం చేశారు, తల దువ్వుకున్నారు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. రెండు చేతుల్లో మా ఫ్లాస్కు. వెనకాల, సందు దాటి, వాళ్ళింట్లోంచి మాడిన పాల వాసన గుప్పుమని కొడుతోంది.

"పాలు కాసేరా అన్నయ్యా?"

"కాసేను. ఓసారి పొంగిపోనాయి, ఓసారి మాడిపోనాయి. మూడోసారికి దారిలో పడ్డాయి."

"మరి పొయ్యి..."

"ఎలిగించేనమ్మా" అన్నారు. "మీ ఇంట్లో ఇలగ జరిగితే మా ఇంట్లో పొయ్యి ఎలిగించకపోతే ఎలాగ? ఈ మిషనేమో ఒక్కో కప్పే ఇస్తాది. ఒకటి తీసి పోసేసరికి ముందుది సల్లారిపోతన్నాది. అయినా నిండా పోసేను. బావ ఫ్లాస్కు ఖాళీగా ఎలగ ఇస్తాను?"

చేతికి తీసుకున్నాను. బరువుగా ఉంది. లోపలికి తెచ్చి గ్లాసులో పోసుకుంటే పైన మాడిన మీగడ తేలింది. చేదు, గోరువెచ్చన, పంచదార వేయడం మరిచిపోయారు. అంత పాడు కాఫీ నా జన్మలో తాగలేదు. గుమ్మంలో నిలబడి ఆయన చూస్తున్నారు. చివరి చుక్క దాకా తాగి, మళ్ళీ గ్లాసు నింపుకుని, అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రిలో ఏడవలేదు, సమాధి తోటలో ఏడవలేదు, ఆ గ్లాసు పట్టుకుని గొల్లుమన్నాను.

ఆ మర్నాడూ తెచ్చారు. ఆ పై రోజూ తెచ్చారు. మా వాళ్ళలో ఆదరణ కూడికని ఓదార్పు ప్రార్థన ఒకటి జరిగితే అంతే. పదకొండో రోజులూ పన్నెండో రోజులూ మాకు లేవు. కాఫీ ఎన్నాళ్ళు తేవాలో ఆయనకు తెలియదు. నేనే చెబుతానని చూస్తున్నారేమో. నేను చెప్పలేదు.