ప్రవీణ మేడం ఇచ్చిన హోంవర్క్

"భయమేసిన ప్రతిసారీ లేచి పరిగెత్తితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. కదలకుండా కూర్చోండి. కాసేపటికి అదే దిగిపోతుంది."

సిరిసిల్లలోని యూనివర్సిటీ పీజీ కాలేజీలో సైకాలజీ పాఠం ముగించి, ప్రవీణ ఒక్కొక్కరి భయం అడిగింది. ఒక్కొక్కరికీ ఒక హోంవర్క్ ఇచ్చింది. స్రవంతి వంతు వచ్చింది.

"మా ఇంట్ల సాంచ ఆగితే భయం, మేడం."

క్లాసంతా నవ్వింది. ఇంటింటా సాంచ, అంటే మరమగ్గం, మోగే ఊళ్ళో చప్పుడు ఆగితే భయమా!

"పోగు తెగి సాంచ ఆగినప్పుడల్లా ఉరుకుతవా ఏంది?" అభిలాష్ ఎగతాళి చేశాడు.

స్రవంతి తల దించుకుంది.

"అది ఉత్త అలవాటమ్మా. ఈసారి ఆగితే మంచం దిగకు. ఫోన్ కూడా ముట్టుకోకు. మళ్ళీ మోగేదాకా అలాగే కూర్చో" అంది ప్రవీణ.

సాయంత్రం ప్రవీణ కోరుట్ల బస్సు కోసం నిలబడి ఉండగా, స్రవంతి పక్కింట్లో ఉండే రమ ఆమె దగ్గరకొచ్చింది. ఆమెదీ అదే క్లాసు.

"మేడం, గా పిల్లకు గట్లెందుకు చెప్పిండ్రు? పోయినేడు ఆళ్ళ బాపు సాంచ బంద్ జేసి పురుగుల మందు తాగబోయిండు. గీ పిల్లనే ఉరికి ఆపింది."

"మరి క్లాసులో చెప్పలేదే!"

"అందరి ముంగట ఎట్ల చెప్తది?"

ప్రవీణ స్రవంతికి ఫోన్ చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ముట్టుకోవద్దన్నది తనే.

రమను ఎక్కించుకుని ప్రవీణ ఆటోలో స్రవంతి వాళ్ళ గల్లీకి దూసుకెళ్ళింది. అన్ని ఇళ్ళూ దడదడలాడుతున్నాయి. ఆ హోరులో ఏది మోగుతోందో ఏది ఆగిందో ప్రవీణకు తెలియలేదు. రమ ముఖం మాత్రం పాలిపోయింది.

"ఆళ్ళదే ఆగింది, మేడం."

లోపల స్రవంతి మంచం మీద పిడికిళ్ళు బిగించి కూర్చుంది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"లేస్తలేను, మేడం. మీరు చెప్పినట్లే కూసున్న. ఇంకా తగ్గుతలేదు."

"లే తల్లీ! లే!"

ముగ్గురూ పెరటి షెడ్డుకు పరిగెత్తారు. తలుపుకు లోపల గొళ్ళెం.

"బాపూ!"

ప్రవీణ భుజంతో తోసింది. రెండోసారి తోయబోతుండగా గొళ్ళెం కదిలింది. స్రవంతి తండ్రి నర్సయ్య తలుపు తీశాడు. చేతిలో పురుగుల మందు సీసా, మూత లేదు. ప్రవీణ దాన్ని లాక్కుంది.

"తాగావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. చూపు కూతురి మీదే ఉంది.

"మనసు చెడ్డప్పుడల్లా సాంచ ఆపుత. నువ్వొస్తవ్, నేను లేస్త. ఇయ్యాల ఎంతకూ రాకపోతివి, బిడ్డా."

రమ వెళ్ళి ఆటోను గుమ్మం ముందుకు తెప్పించింది.

"ఆసుపత్రికి పోదాం, అన్నా. డాక్టరుతో నేను మాట్లాడతా" అంది ప్రవీణ.

"సాంచ మీద బట్ట ఉన్నది, మేడం."

"ఉండనీ."

ఆటో కదిలింది. స్రవంతి తండ్రి చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి వచ్చినా వదల్లేదు. వదలమని ప్రవీణ చెప్పలేదు.