మైసన్నకు బియ్యం

పెత్రామాస నాడు పొద్దున్నే భూమక్క రెండు చాటలు తుడిచి అరుగు మీద పెట్టింది. రెండింటిలోనూ బియ్యం పోసి, పైన గుమ్మడికాయ ముక్క, బీరకాయలు, చింతపండు, ఉప్పు సర్దింది. చనిపోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి ఇచ్చే బియ్యం అవి. ఇన్నేళ్లూ ఆ ఇంటి నుంచి ఒక్క చాటే పోయేది.

"రెండోది ఎవలికి అత్తమ్మా?" అడిగింది కోడలు నవత.

"మైసన్నకు."

బీరకాయ తరుగుతున్న నవత చెయ్యి ఆగింది.

మైసన్న పక్కింటి సాలవ్వ కొడుకు. అతనూ, భూమక్క భర్త పర్శరాములూ లింగంపేటలో ఒకే బస్సెక్కి మిలిటరీకి పోయారు. శ్రీలంకకు పంపినవాళ్లలో ఇద్దరూ ఉన్నారు. పర్శరాములు అస్థికలైనా ఇంటికి వచ్చాయి. మైసన్న చనిపోయాడని కాగితం మాత్రం వచ్చింది. సాలవ్వ దాన్ని పొయ్యిలో పెట్టింది. "నా కొడుకును జూపిచ్చినంక ఏడుస్త" అంది. పెత్రామాసకు కొడుకు పేరున బియ్యం ఇవ్వమని ఎవరన్నా అంటే చీపురు పట్టుకుని లేచేది. ఇస్తే పోయాడని ఒప్పుకున్నట్టే. ముప్పై ఏళ్లు దాటినా ఒప్పుకోలేదు. మొన్న ఎండాకాలంలో ఆమె కూడా పోయింది.

కామారెడ్డిలో టైల్స్ దుకాణం నడిపే కొడుకు శైలేందర్, తండ్రికి బియ్యం ఇవ్వడానికి అప్పుడే బండి దిగాడు. రెండు చాటలూ చూసి సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"గిదేందవ్వా? బాపు పేరు పక్కన పరాయోని పేరా? మైసన్న మనకు చుట్టమా, పక్కమా?"

"చుట్టం కాదు."

"మరి నలుగురు ఏమనుకుంటరు?"

"ఏమనుకోవాల్నో గది గూడ నేనే చెప్పాల్నా? వాళ్లకు రాదా?"

నవత మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. శైలేందర్‌కు మాత్రం నవ్వు రాలేదు.

"సాలవ్వ బతికినన్నొద్దులు వద్దన్న పని అది. ఎల్లారెడ్డిల భూమేశన్న ఉన్నడు గద, ఆమె మేనల్లుడు. ఆయననియ్యమను."

"నిన్ననే ఫోన్ జేసిన. సాలవ్వ పేరున ఇస్తడట. బావ మైసన్న పేరు మాత్రం నోట్లకెళ్ళి రాదట. మేనత్త చీపురు పట్టుకొని కలలకొస్తదట."

"సూసినవా? అయినోడే భయపడుతుండు."

"భయపడనీ. ఎదురుచూసేటామె పోయింది బిడ్డా. ఇగ వాడు ఎవలి కోసం బతికుండాలె? మీ బాపును ఏటేటా పిలిచి పెడుతున్నం. ఆయన పక్కకు నిలబడ్డోన్ని ఒక్కనాడు గూడ పిలువకపోతిమి."

శైలేందర్ అరుగు దగ్గరికి వచ్చాడు. తండ్రి చాట మాత్రం ఎత్తుకుని ముందు నడిచాడు. రెండోది భూమక్కే చంకన పెట్టుకుంది.

హనుమాండ్ల గుడి దగ్గర అప్పటికే వరుస కట్టారు. సాయంత్రం బతుకమ్మకు తెంపిన గునుగు పూల కట్టతోనే వచ్చింది వెనకింటి కళ్యాణి.

"రెండు చాటలేంది భూమక్కా? నీకు ఇద్దరు మొగళ్లని మాకు ఇన్నొద్దులు జెప్పకపోతివి!"

శైలేందర్ మెడ ఎర్రబడింది. భూమక్క వెనక్కి తిరిగి చూసింది.

"నాకు ఒక్కడే. వానితోనే సరిపోయింది. ఇంకోటి మైసన్నకు."

కళ్యాణి నవ్వు ఆగిపోయింది. పూలకట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "సాలవ్వ మైసన్నకా?" అని మెల్లగా అడిగింది.

శైలేందర్ తండ్రి పేరు, తాత పేరు చెప్పి నువ్వులు, నీళ్లు వదిలి లేచాడు. చెప్పుల దగ్గరికి పోయి నిలబడ్డాడు. భూమక్క పీట మీద కూర్చుంది.

"ఎవరి పేరునమ్మా?" అడిగాడు అయ్యగారు.

"మైసన్న. తండ్రి గంగయ్య."

"ఎప్పుడు పోయాడు?"

భూమక్క చాటలోని బియ్యం చేత్తో సర్దింది. సాలవ్వ వింటుందని ఆ వాడకట్టులో ఇరుగుపొరుగు ఎవరూ పోయాడన్న మాట పైకి అనేవాళ్లు కాదు. సెలవులకు వచ్చినప్పుడు మైసన్న గోడ మీది నుంచి గిన్నె చాపి, "వదినా, గింత పచ్చిపులుసు పొయ్యి, మా అవ్వ కూర నోట్ల పెట్టరాదు" అనేవాడు. లోపలి నుంచి సాలవ్వ తిట్లు. ఆ సంగతి కూడా భూమక్క ఆమె ముందు ఎప్పుడు చెప్పినా, రేపోమాపో వచ్చి మళ్లీ గిన్నె చాపుతాడన్నట్టే చెప్పేది. చెప్పీ చెప్పీ నాలుక దానికే అలవాటు పడింది.

"జల్ది కానియ్యక్కా, ఎండైతుంది" అన్నారెవరో వెనక నుంచి.

"సచ్చిపోయిండు" అంది భూమక్క. వరుస చివరిదాకా వినపడింది. "శ్రీలంక లడాయిల. మా ఆయన పోయిన నాడే."

అయ్యగారు తల ఊపాడు. "నీకేమవుతాడు?"

"వాడకట్టోడు."

"దానికి మంత్రంలో మాట లేదమ్మా. బంధువు అంటాను."

"మంత్రంల నీకేది వస్తే గదను. తెలుగుల మాత్రం వాడకట్టోడనే అను. అబద్ధమెందుకు?"

ఆయన నవ్వి, ఆమె చేతిలో నువ్వులు పోశాడు. మగచెయ్యి ఉంటే బాగుండేదని గొణుగుతూ చెప్పుల వైపు చూశాడు. శైలేందర్ కదలలేదు. భూమక్క నీళ్లు తనే వదిలింది. వేళ్ల సందుల నుంచి నువ్వులు జారిపోయేదాకా చెయ్యి అలాగే పట్టింది. చాట ఎత్తి బియ్యం అయ్యగారి గుడ్డలో పోసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"అయిపోయిందా?" అన్నాడు శైలేందర్.

"ఈ యేటిది అయింది. వచ్చే యేడు మైసన్నకు నువ్వు కూసోవాలె. తండ్రి పేరు గంగయ్య. ఏది, ఒక్కసారి అను."

"అవ్వా, అందరు సూస్తుండ్రు."

"సూడనీ. అను."