తూకానికి మిగిల్చింది

వార్డు నుంచి తిరిగొచ్చిన పళ్లెం తూకం మీద పెట్టి, పెద్దక్క అంకె వంక రెండోసారి చూసింది. కిటికీ పక్క మంచం ముసలాయన పళ్లెంలో పిసరు కూడా మిగల్లేదు. ఎనిమిది రోజులుగా ఇదే వరస. మనిషి బరువు మాత్రం నలభై మూడు కిలోల నుంచి నలభై ఒకటికి జారింది. నలభై అయిదుకు వస్తేగాని ఆపరేషన్ చేయలేమన్నారు డాక్టర్లు. తిన్నదంతా ఎటు పోతోందో!

పెద్దక్క అన్నది తోటి విద్యార్థులు పెట్టిన పేరు. ఇదే ఆసుపత్రి వంటగదిలో పన్నెండేళ్లు గరిటె తిప్పి, కూతురితోపాటు కాలేజీ మెట్లెక్కింది. డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల పోషకాహార చదువు. విడివిడిగా చదివితే నాలుగూ రెండూ ఆరేళ్లట. ఈ వయసులో ఏడాది కలిసిరావడమంటే మాటలా? రసాయనశాస్త్రం మూడు చెరువుల నీళ్లు తాగించినా గట్టెక్కింది. ఇప్పుడు ఆఖరి ఏడు. పూర్తిగా ఆమె చేతికి అప్పగించిన మొదటి రోగి ఈయనే.

లెక్క తేలక, ఆ మధ్యాహ్నం భోజనాల వేళకు తనే వార్డుకు వెళ్లింది. తెల్లని తెరల మీద ఎండ తేలుతోంది. వార్డంతా సగం నిద్రలో ఉంది. ఒకప్పుడు బస్సు డ్రైవరైన ఆ ముసలాయన కళ్లు అరమోడ్చి, తన పళ్లెం పక్క మంచం బొద్దాయన పళ్లెంలోకి వంచేస్తున్నాడు.

"బాబాయ్!"

"దొరికిపోయాం," అన్నాడు బొద్దాయన, నోట్లో ముద్దతోనే.

"పళ్లెం ఖాళీగా వస్తే నీకు మార్కులేస్తారటగా తల్లీ," అన్నాడు డ్రైవరు. "నాకా, గొంతు దిగదు. మందుల మత్తులో రోజూ బస్సు నడుపుతున్నా. నిండా జనం, ఒక్కడూ దిగడే! ఆ గోలలో నీ పరీక్ష ఒక్కటే గుర్తుంటోంది."

ఆమెకు ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. ఆయన మీద కాదు, తన మీదే. ఇన్నేళ్లూ కేలరీలు లెక్కగట్టింది. మింగగలుగుతున్నారా అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

"మార్కులు పోతే పోనీ. తిన్నంత తినండి, మిగిలింది మిగల్చండి. అది తూస్తేనే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది."

"మిగిలిస్తే తిట్టవుగా?"

"మిగల్చకపోతే తిడతా."

డాక్టరుకు చెబితే, మెత్తనివే పెట్టమన్నాడు. వంటగదిలోకి వెళ్లగానే పాత వంటమనిషి నవ్వింది. "చదివి చదివి మళ్లీ పొయ్యి దగ్గరికే వచ్చావుటే!" పెద్దక్క బంగాళదుంపలు ఉడికించి, పాలు పోసి మెదిపి, జల్లెడ పట్టి గిన్నెకెత్తింది. ఆయన చేతికిచ్చి, ఒక చెంచా దిగేదాకా చూసి క్లాసుకు పరుగెత్తింది.

సాయంత్రం వచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"గుండె ఆగిందమ్మా, నిద్రలోనే పోయారు," అంది నర్సు.

ఆమె పుస్తకాల సంచి కింద పెట్టింది. మంచం అంచు పట్టుకుని నిలబడింది.

"నాలుగు చెంచాలు తిన్నాడు. హాయిగా దిగిందన్నాడు," అన్నాడు బొద్దాయన, కళ్లు తుడుచుకుంటూ. "మిగిలింది నేను తినేస్తానంటే చేతి మీద ఒక్కటిచ్చాడు. ముట్టుకోకు, అది మా అమ్మాయి తూచుకోవాలి అన్నాడు."

బల్ల మీద గిన్నె మూతేసి ఉంది. పెద్దక్క మూత తీసింది. ఒక పక్క నాలుగు చెంచాల మేర గుంట. మిగతాదంతా తెల్లగా, నున్నగా, ఎవరూ ముట్టకుండా అలాగే ఉంది.