గాత్రం అన్న మాట

అక్క సంచి సర్దుతోంది. మడత పెట్టిన బట్టల మీద ఉన్ని మఫ్లరు పెట్టింది, తీసి అడుగున దోపింది, మళ్ళీ పైకి తెచ్చింది. రైలు సాయంత్రమే అయినా పొద్దుటి నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

"ఆ సంచి ప్రాణం తియ్యకే, వదిలెయ్!" అంది చెల్లెలు. ఇంట్లో అందరికీ ఆమె చిట్టి. బయట ఆమె పాట వినని వీధి లేదు.

"మెడకి చుట్టుకో. చలిగాలి తగిలితే గొంతు పోతుంది."

"పోతే పోయింది. మధ్యాహ్నం ఎలాగూ అమ్మేస్తున్నాంగా!"

చిట్టి నవ్వింది. అక్క నవ్వలేదు. ఊరూరా కచేరీలకు బయల్దేరే ముందు, అప్పటికే పాడి ఇచ్చిన పది పాటలకు రికార్డుల కంపెనీలో ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కాగితాలు చూసే లాయరు అక్క కూతురే. ఆ పిల్ల న్యాయశాస్త్రం చదివి, పాటల హక్కుల వ్యవహారాలే చూస్తానన్నప్పుడు చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "రాగానికి బెయిలిప్పిస్తావుటే?" అని మేనమామ ఏడిపించాడు. పిల్ల పట్టించుకోలేదు. ఒక సీనియరు వెంట స్టూడియోల మెట్లెక్కి దిగి పని నేర్చుకుంది. సొంతంగా బోర్డు పెట్టాక మొదటి క్లయింటు పిన్నే.

కంపెనీలో అద్దాల గది, పొడుగాటి బల్ల. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కాగితాలు ముందుకు జరిపాడు.

"అన్నీ మామూలు షరతులేనమ్మా. అందరూ కళ్ళు మూసుకుని పెట్టేస్తారు."

"మేం తెరుచుకుని పెడతామండీ," అని పిల్ల చదవసాగింది. ఒకచోట వేలు ఆగింది. "'గాయని గాత్రంపై సర్వహక్కులూ శాశ్వతంగా, విశ్వమంతటా కంపెనీవే.' విశ్వమంతటా ఏంటండీ?"

"రేపు చంద్రుడి మీద రేడియో పెట్టారనుకోండి..."

"పెట్టుకోండి. దానికి ఒప్పుకుంటాం. గాత్రం దగ్గరే పేచీ."

"అదేంటమ్మా! పాటల అట్టల మీద 'గాత్రం: ఫలానా' అనే కదా వేస్తాం?"

"అట్ట మీద గాత్రమంటే ఆ పాటలో పాడింది. ఇక్కడ గాత్రమంటే గొంతే. మా పిన్ని పాడని పాటని రేపు మెషీను చేత ఆవిడ గొంతుతో పాడిస్తే, ఆపేదెవరు?" పిల్ల గొంతు పెంచలేదు. "పైగా నిఘంటువు చూడండి. గాత్రమంటే ఒళ్ళనే అర్థం కూడా ఉంది. మనిషిని మనిషిగానే రాసిమ్మంటారా?"

చిట్టి ఆగలేకపోయింది. "మోకాళ్ళ నొప్పులు కూడా తీసుకుంటారా బాబూ, విశ్వమంతటా?"

పెద్దమనిషి కూడా నవ్వేశాడు. అక్క మాత్రం కూతుర్నే చూస్తూ ఉండిపోయింది. దొరికిన పుస్తకమల్లా చదివిన మనిషి ఆమె. మాటలు ఏడిపిస్తాయని, నవ్విస్తాయని తెలుసు. ఒక్క మాట కొట్టేస్తే ఒక మనిషి దక్కుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏసీ రొద పెడుతున్న ఆ గదిలోకి చంద్రుడూ చుక్కలూ దిగివచ్చి బల్ల చుట్టూ కూర్చున్నట్టూ, వాటి ఎదుట తన కడుపున పుట్టిన పిల్ల కలం పట్టుకుని "ఇది మాది" అంటున్నట్టూ ఆమెకు అనిపించింది.

పెద్దమనిషి బయటికెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. 'గాత్రంపై' అన్నది కొట్టేసి 'ఈ పది పాటల రికార్డింగులపై' అని రాశారు. గాయని పాడనిది ఆమె గొంతుతో వెలువడకూడదని కింద ఇంకో వాక్యం చేర్చారు. చిట్టి సంతకం పెట్టింది. అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళారు.

కొన్నాళ్ళకు కంపెనీ చేతులు మారింది. చిట్టి గొంతుతో కొత్త పాటలు చేస్తామని, మెషీను అచ్చం ఆమెలాగే పాడుతుందని కొత్తవాళ్ళు వచ్చారు. పిల్ల ఆ వాక్యం చూపించింది. వాళ్ళు చదువుకుని వెళ్ళిపోయారు. అప్పటికే పిల్ల ఆఫీసు ముందు బెంచీ మీద పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ తమ వంతు కోసం కూర్చుంటున్నారు.

అక్క ఇప్పటికీ ఆ పది పాటలే వింటుంది. చరణానికీ చరణానికీ మధ్య చిట్టి తీసుకున్న ఊపిరి కూడా వాటిలో వినబడుతుంది. వాటి తర్వాత పదకొండోది లేదు, రాదు.

చిట్టి ఆ కచేరీల నుంచి తిరిగి రాలేదు. ఆ ఫిబ్రవరి నెలాఖరులో, ఒక మంగళవారం, ఊరు కాని ఊళ్ళో చనిపోయింది.