దొరగారి చికెన్ ముక్కలు

టైలరమ్మ భర్త బస్సు డ్రైవరు. రాళ్లు తిన్నా అరాయించుకుంటాడని పేరున్న మనిషి, ఇప్పుడు పొట్ట పట్టుకుని మంచానికీ బాత్‌రూముకీ మధ్య ట్రిప్పులు కొడుతున్నాడు. వాళ్ల ముసలి కుక్క దొరగారు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. పేరుకి తగ్గట్టు ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏకవచనంలో పిలవరు.

"బయట ఏం తిన్నారు?" అంది టైలరమ్మ.

"నీ చేతి వంట తప్ప ఇంకేం ముట్టలేదే."

ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. అదే వంట తనూ తింటోంది, తనకేం కాలేదు. పాలు మార్చింది, నీళ్లు కాచింది. గుణం కనిపించలేదు. మిషను తొక్కుతున్నంతసేపూ బుర్రలో అదే పురుగు తొలుస్తోంది: ఈయనొక్కడికే ఎందుకు?

అంతలో పెంపుడు జంతువుల తిండి అమ్మే కొట్టతను ఫోన్ చేశాడు.

"అక్కా, మీరు కొన్న ఎండు చికెన్ ముక్కల్ని కంపెనీ వెనక్కి తీసుకుంటోంది. అందులో ఏదో చెడ్డ బాక్టీరియా ఉందట. దొరగారికి ఇక పెట్టకండి."

"ఆయన కుందేలుపిల్లలా గెంతుతున్నారు తమ్ముడూ!"

"సరే, ఇంట్లో మనుషులెవరికైనా బాగోలేదా?"

మిషను మీద ఆవిడ కాలు ఆగిపోయింది. "కుక్క తిండి మనిషికెలా చేటు చేస్తుంది?"

"ముక్క పట్టుకున్న చేత్తో, కడుక్కోకుండా భోంచేస్తే చాలట."

ఇక్కడే లెక్క కుదరలేదు. డ్రైవరుగారికి శుభ్రం పిచ్చి. ఆయన చేతికి చిక్కిన సబ్బు పట్టుమని పది రోజులుండదు. మరి ఎలా? అడుగుదామని వంటింటి వైపు వెళ్లి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆయన డబ్బాలోంచి ఒక ముక్క తీశాడు. దవడ పళ్ల మధ్య పెట్టుకుని కటుక్కున కొరికాడు. చిన్న ముక్కని దొరగారి నోటికి అందించబోయాడు.

"ఏమండీ!" ఒక్క ఉదుటున వెళ్లి లాక్కుంది.

"గట్టిగా ఉంటాయే! పాపం, దొరగారికి పళ్లు ఊడిపోయాయి. గొంతుకి అడ్డం పడితేనో?"

"ఎన్నాళ్లబట్టీ ఈ సేవ?"

"కొన్నప్పట్నుంచీ."

"రుచెలా ఉందేం?"

"ఉప్పు కాస్త తక్కువ."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. పరీక్షలో ఆ బాక్టీరియానే బయటపడింది. మందులతో తేరుకున్నాడు. పశువుల డాక్టరు దొరగారినీ చూసి, పైకి హుషారుగా ఉన్నా కుక్క కడుపులో అది ఉండొచ్చని, కొన్నాళ్లు మూతి నాకనివ్వద్దని, దొడ్డికెళ్లింది ఎత్తేటప్పుడు చేతులకి గ్లవుజులు వేసుకోమని చెప్పాడు. ముక్కలన్నీ కొట్టుకి తిరిగి చేరాయి. డబ్బాని టైలరమ్మ వేడినీళ్లలో సబ్బేసి తోమింది.

సంగతి విన్న కొట్టతనికి ఆత్రం ఆగలేదు. ఆ ముక్కలు కొన్నవాళ్లందరికీ మళ్లీ ఫోన్ చేసి, "మీరు గానీ కొరికి పెడుతున్నారా?" అని అడిగాడు. కొందరు ఛీ అని ఫోన్ పెట్టేశారు. ఒక పెద్దావిడ మాత్రం గొంతు తగ్గించి అడిగింది.

"ఏం బాబూ, కొరకకూడదా?"